పది రోజులు... నోరు మూసుకుని!

ఫోన్‌ లేదు. పేపరు లేదు. టీవీ లేదు. పక్క మంచం మీదున్న మనిషితో మాట లేదు. ఎదురుపడితే చిరునవ్వు కూడా లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. రాత్రి తొమ్మిదిన్నరకి దీపం ఆర్పాలి. మధ్యలో పదిన్నర గంటలకు పైగా కళ్ళు మూసుకుని కూర్చోవాలి. ఇంత కష్టం పెట్టే చోటికి మనుషులు సెలవు పెట్టుకుని మరీ ఎందుకు వెళ్తారు? చూసొద్దామని వెళ్ళాను. చూసి రావడం కుదరదనీ, కూర్చోవలసిందేననీ అక్కడికెళ్ళాక తెలిసింది.

* * *

టంగ్‌... టంగ్‌... టంగ్‌...

చీకట్లో గంట. గుడిగంటలా హడావుడి లేదు, బడిగంటలా బెదిరింపూ లేదు. ఒక్కో దెబ్బకీ మధ్య బోలెడు వ్యవధి. ఎవరో ధ్యాన సేవకురాలు గదుల మధ్య నడుస్తూ కొడుతోంది. టైమెంతయిందో చూద్దామని అలవాటు ప్రకారం చెయ్యి దిండు కిందికి వెళ్ళింది. అక్కడ ఫోన్‌ లేదు. ముందురోజు సాయంత్రమే దాన్ని స్విచ్ఛాఫ్‌ చేయించి, కవర్లో పెట్టి, పేరు రాసి, లాకర్లో దాచేశారు. దాంతోపాటే పుస్తకం, పెన్ను, కాగితాలు కూడా. విలేకరి దగ్గర పెన్ను తీసేసుకోవడమంటే కంసాలి దగ్గర కుంపటి లాగేసుకోవడమే! అందుకే ఈ కథనంలో ఉన్నదంతా జ్ఞాపకం మీద ఆధారపడి రాసిందే.

హైదరాబాద్‌ నుంచి నాగార్జునసాగర్‌ వెళ్ళే దారిలో, వనస్థలిపురం దాటాక ఉంది ఈ ‘ధమ్మఖేత్త’ విపశ్యన కేంద్రం. 1976లో మొదలైంది. దేశంలోని తొలి విపశ్యన కేంద్రాల్లో ఇదొకటి. అప్పట్లో చుట్టూ పొలాలూ బీళ్ళూనట. ఇప్పుడు ఊరే నడిచొచ్చి గోడకి ఆనుకుంది. రాత్రి నిశ్శబ్దంలో సాగర్‌ రోడ్డు మీద లారీల హారన్‌ వినిపిస్తూనే ఉంటుంది. మొదటిరోజు విసుగనిపించింది. ఐదోరోజుకి ‘పాపం, ఎక్కడిదాకానో వెళ్ళాలి’ అనిపించింది. అదే లారీ, అదే హారన్‌!

మొదటి సాయంత్రం తేలికపాటి భోజనం పెట్టి నియమాలు చదివి వినిపించారు. జీవహింస, దొంగతనం, అబద్ధం, మత్తు, లైంగిక సంబంధం... ఈ ఐదూ ఆ పది రోజులూ నిషిద్ధం. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేర్వేరు గదులు, వేర్వేరు దారులు, వేర్వేరు భోజనశాలలు. జంటగా వచ్చినవాళ్ళు గేటు దగ్గరే విడిపోవాలి. మా ముందు ఓ నడివయసు జంట. ‘బీపీ మాత్ర మర్చిపోకు’ అని ఆవిడ, ‘నువ్వు షుగర్‌ది మర్చిపోకు’ అని ఆయన. అంతే. పది రోజుల వరకూ మళ్ళీ మాటల్లేవు. పూజలు, జపాలు, ఉపవాసాలు చేసే అలవాటుంటే అవీ ఆపాలి. మెడలో తాయెత్తులున్నా తీసి దాచుకోవాలి. ఒక పద్ధతిని పరీక్షించాలంటే అందులో ఇంకోటి కలపకూడదన్నది వాళ్ళ లెక్క.

ఇక మౌనం. దీన్ని ‘ఆర్య మౌనం’ అంటారు. నోటితోనే కాదు... సైగలు, చూపులు, చీటీలు కూడా ఉండకూడదు. అవసరం పడితే సేవకులతోనో, మధ్యాహ్నం వేళ ఆచార్యులతోనో రెండు ముక్కలు మాట్లాడొచ్చు.

ముక్కు దగ్గరే మూడు రోజులు

‘ధ్యానం’ అనగానే మనకో బొమ్మ కళ్ళముందు మెదులుతుంది. కొండ, సూర్యోదయం, తెల్లబట్టలు, ప్రశాంతమైన ముఖం. అక్కడ హాల్లో కనిపించిన దృశ్యం వేరు. శాలువాలు, మంకీ క్యాపులు కప్పుకుని ఆవలిస్తున్న మనుషులు. మోకాళ్ళ కింద ఒక దిండు, నడుం కింద ఇంకోటి. మూడోరోజుకి ఒక్కొక్కరి చుట్టూ దిండ్ల కోట లేచింది. కింద కూర్చోలేని పెద్దవాళ్ళు వెనకాల కుర్చీల్లో.

ఇంతకీ చేయాల్సిందేమిటి? మొదటి మూడు రోజులూ శ్వాసని గమనించడం. దీని పేరు ‘ఆనాపాన’. ప్రాణాయామంలా గాలిని బిగబట్టేదేం లేదు. ఊపిరి ఎలా వస్తే అలా రానివ్వాలి, ఎలా పోతే అలా పోనివ్వాలి. మంత్రం లేదు, మూర్తి లేదు. ముక్కుపుటాల దగ్గర గాలి తగులుతోందా లేదా... అంతే. రోజు గడిచేకొద్దీ చూసే చోటు చిన్నదవుతుంది. చివరికి పైపెదవికీ ముక్కుకీ మధ్యనున్న కాస్త జాగాలో ఏం తెలుస్తోందో చూడమంటారు.

ఇంతేనా అనిపిస్తుంది. చేసి చూడండి! నేను మూడు శ్వాసలు కూడా వరసగా చూడలేకపోయాను. నాలుగోదానికి ఆఫీసులో ఉన్నాను. ఐదోదానికి ఇంట్లో గ్యాస్‌ కట్టానా లేదా అని ఆలోచిస్తున్నాను. ఆ తర్వాత ఓ సినిమా పాట పట్టుకుంది. అది కూడా నాకు నచ్చని పాట. ఒకటిన్నర రోజు వదల్లేదు. అది పోయాక... ఈ వ్యాసానికి మొదటి పేరా రాయడం మొదలైంది. పెన్ను లాక్కున్నారు గానీ బుర్ర లాక్కోలేదు కదా.

రెండోరోజూ, ఆరోరోజూ గండాలని తర్వాత పాతవాళ్ళు చెప్పారు. పారిపోవాలనిపించేది ఆ రెండు రోజుల్లోనేనట. మా వరసలో కూర్చున్న ఓ కాలేజీ అమ్మాయి ఆరోరోజు మధ్యాహ్నం నుంచి కనిపించలేదు. ఆ ఖాళీ ఆసనం వంక అందరం దొంగచూపులు చూశాం. అది జాలో, అసూయో నేను చెప్పలేను.

ఆ విషయానికొస్తే, ఈ పద్ధతిని మన దేశానికి మళ్ళీ తెచ్చిన సత్యనారాయణ గోయెంకా సైతం తన తొలి శిబిరంలో రెండోరోజే మూటాముల్లె సర్దుకున్నారట. ఇంకొక్కరోజు చూడమని తోటి సాధకురాలొకరు ఆపారు కాబట్టి ఆగారు.

తలనొప్పితో మొదలైన కథ

గోయెంకాది మార్వాడీ వ్యాపార కుటుంబం. 1924లో బర్మాలోని మాండలేలో పుట్టారు. చిన్న వయసులోనే బాగా సంపాదించారు. డబ్బుతోపాటు విపరీతమైన పార్శ్వపు తలనొప్పి కూడా వచ్చింది. నొప్పి తట్టుకోలేక మార్ఫిన్‌ ఇంజెక్షన్లు తీసుకునేవారు. వాటికే అలవాటు పడిపోతానేమోనని భయపడి స్విట్జర్లాండ్‌, జర్మనీ, ఇంగ్లండ్‌, అమెరికా, జపాన్‌ తిరిగారు. ఫలితం లేదు. చివరికి ఓ స్నేహితుడు రంగూన్‌లోనే ఉన్న సయాజీ ఉ బా ఖిన్‌ దగ్గరికి వెళ్ళమన్నాడు.

ఉ బా ఖిన్‌ సన్యాసి కాదు. స్వతంత్ర బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్‌ జనరల్‌. పొద్దున లెక్కలు, ఆపైన ధ్యానం. తన ఆఫీసులో ఉద్యోగులకు కూడా నేర్పిన మనిషి. తలనొప్పి తగ్గించుకోవడానికని చెబితే ఆయన గోయెంకాని చేర్చుకోనన్నారు. మనసుని శుభ్రం చేసే విద్యని మందుబిళ్ళ స్థాయికి దించొద్దన్నది ఆయన అభ్యంతరం. మతం మారాల్సి వస్తుందేమోనని గోయెంకాకీ భయమే. కొన్ని నెలలు తటపటాయించి 1955లో కూర్చున్నారు. తర్వాత పద్నాలుగేళ్ళు గురువు దగ్గరే నేర్చుకున్నారు. 1969లో భారత్‌కి వచ్చి జులైలో ముంబయిలో తొలి శిబిరం పెట్టారు. తల్లిదండ్రులతో కలిపి మొత్తం హాజరైంది పద్నాలుగు మంది!

అక్కణ్నుంచి పాకింది. 1994 ఏప్రిల్లో ఢిల్లీ తీహార్‌ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి కూర్చున్నారు. మన దగ్గరే చూసుకుంటే నాగార్జునసాగర్‌లో, ఏలూరు దగ్గర విజయరాయిలో, భీమవరం దగ్గర కుముదవల్లిలో కూడా కేంద్రాలున్నాయి. గోయెంకా 2013 సెప్టెంబరులో కన్నుమూశారు. అయినా ఇప్పటికీ అన్నిచోట్లా నేర్పేది ఆయన గొంతే. సూచనలూ సాయంత్రం ప్రవచనాలూ రికార్డింగులే. తెలుగువాళ్ళకి తెలుగు అనువాదం వినిపిస్తారు. ఎదురుగా ఎత్తు మీద కూర్చునే సహాయ ఆచార్యులు సందేహాలు తీరుస్తారు. వాళ్ళకి జీతం ఉండదు. వంట, వడ్డన చూసే సేవకుల్లో ఎక్కువమంది గతంలో శిబిరం చేసి వెళ్ళినవాళ్ళే.

ఫీజు కూడా ఉండదు. తిండికీ, పడకకీ... దేనికీ. చివరిరోజు ఇవ్వాలనిపిస్తే ఇవ్వచ్చు. అదీ కనీసం ఒక శిబిరం పూర్తి చేసినవాళ్ళ దగ్గరే తీసుకుంటారు. అంటే మనం పదిరోజులు తిన్న అన్నం మనకంటే ముందు కూర్చుని వెళ్ళిన ఎవరో పెట్టింది.

అన్నట్టు, ఈ సాగర్‌ రోడ్డు పట్టుకుని అలాగే పోతే నాగార్జునకొండ వస్తుంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఆ లోయ నిండా బౌద్ధ విహారాలు. చిన్న చిన్న గదుల్లో భిక్షువులు ఇలాగే ఊపిరి చూసుకుంటూ కూర్చుని ఉంటారు. 1955 డిసెంబరులో అక్కడ డ్యామ్‌కి శంకుస్థాపన జరిగింది. మునిగిపోయే విహారాల్ని తవ్వి, కొన్నిటిని గుట్టమీదికి తరలించారు. ఇక్కడ విహారాలు నీటికింద పోవడానికి ముహూర్తం పెట్టిన ఏడాదే, అక్కడ రంగూన్‌లో ఓ వ్యాపారి తలనొప్పితో వెళ్ళి కళ్ళు మూసుకున్నాడు. ఇందులో సంబంధం ఏమీ లేదనుకోండి. పదిరోజులు ఖాళీగా కూర్చుంటే ఇలాంటి లెక్కలే తోస్తాయి.

పచ్చడి లేని పప్పన్నం

రోజు ఇలా గడుస్తుంది. నాలుగింటికి గంట. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా ధ్యానం. ఆరున్నరకి టిఫిను... ఉప్మానో, ఇడ్లీనో. ఎనిమిది నుంచి పదకొండు దాకా మళ్ళీ కూర్చోవడం. పదకొండింటికి భోజనం. ఒంటిగంట నుంచి ఐదు వరకూ కూర్చోవడం. ఐదింటికి టీ, ఓ పండు, కాసిని మరమరాలు. రాత్రి భోజనం లేదు. ఇంతకుముందు శిబిరం చేసినవాళ్ళకైతే ఆ మరమరాలూ లేవు, నిమ్మకాయ నీళ్ళే! ఆరింటికి మళ్ళీ హాలు. ఏడింటికి ప్రవచనం. తొమ్మిది దాకా కూర్చుని, ఇక పడక.

భోజనం బాగుంటుంది. అన్నం, చపాతీ, పప్పు, కూర, మజ్జిగ. కానీ కారం తగ్గించి వండుతారు. పచ్చడి నా కంటపడలేదు. ఐదోరోజు మధ్యాహ్నం ధ్యానంలో నాకు మా అమ్మ గోంగూర నూరుతున్న రోలు కనిపించింది. రుబ్బురోలు పక్కన ఎండుమిరపకాయల ఘాటు కూడా తెలిసింది. నోట్లో నీళ్ళూరాయి. ఆ వెంటనే కళ్ళలో కూడా.

అమ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఆ రోలు ఉన్న ఇల్లు తెనాల్లో. ఆ ఇంటిని తమ్ముడు అమ్మేద్దామన్నాడు. నేను వద్దన్నాను. వాడికి అప్పులున్నాయి, నాకు జ్ఞాపకాలున్నాయి. చివరికి రిజిస్ట్రారాఫీసులో సంతకం పెట్టి, పెన్ను బల్లమీద పడేసి, వాడి మొహం చూడకుండా బస్సెక్కేశాను. అప్పట్నుంచి పద్నాలుగు నెలలుగా వాడితో మాటల్లేవు. పది రోజుల మౌనం భరించగలనా అని బయల్దేరేముందు స్నేహితురాలితో బెంగపడ్డాను గానీ, ఆ సంగతిలో నాకు ముందే మంచి అభ్యాసముంది.

కదలకుండా గంటసేపు

నాలుగోరోజు మధ్యాహ్నం అసలు విపశ్యన నేర్పారు. తల పైనుంచి కాలివేళ్ళ దాకా ఒక్కో భాగం మీదా ధ్యాస నిలుపుతూ రావాలి. దురద, వేడి, బరువు, జలదరింపు, నొప్పి... ఏది ఉంటే అది. మంచిదైతే ఇంకా కావాలనుకోకూడదు, చెడ్డదైతే పోవాలనుకోకూడదు. ఏదైనా పుడుతుంది, పోతుంది. పాళీలో దీన్ని ‘అనిచ్చ’ అంటారు. మనవాళ్ళ ‘అనిత్యం’.

ఆపైన రోజుకి మూడుసార్లు గంటసేపు ‘అధిష్ఠానం’. ఆ గంటలో చేతులు తియ్యకూడదు, కాళ్ళు చాపకూడదు, కళ్ళు తెరవకూడదు. మొదటి ఇరవై నిమిషాలు ఫర్వాలేదు. తర్వాత కుడిమోకాలు మండటం మొదలుపెడుతుంది. ముప్ఫయ్యో నిమిషానికి ప్రపంచమంతా ఆ మోకాలే. గోయెంకా గొంతు ఎప్పుడు వినిపిస్తుందా, గంట ఎప్పుడు ముగుస్తుందా అని చెవులు రిక్కించి కూర్చునేదాన్ని. మొదటి నాలుగుసార్లూ కాలు కదిపేశాను. ఐదోసారి కదపలేదు. మంట పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ముక్కలుగా విడిపోయింది. ఓ చోట సూదులు, ఓ చోట వేడి, మధ్యలో ఏమీ లేని చోటు. నొప్పి పోలేదు. కానీ ఒక్కటే ముద్దగా లేదు.

ఆరోరోజు సాయంత్రం అదే గంటలో మోకాలికి బదులు తమ్ముడొచ్చాడు. రిజిస్ట్రారాఫీసు, వాడి చేతిలో ప్లాస్టిక్‌ ఫైలు, వాణ్ని అనాలనుకుని అనని మాటలు. ఆ మాటల్ని నేను ఎంత చక్కగా దిద్దుకుంటున్నానో ఆరోజే గమనించాను. ఒక వాక్యం బాగోలేకపోతే కొట్టేసి, ఇంకా పదునైనది రాసుకుంటున్నాను. పద్నాలుగు నెలలుగా ఇదే పని. రాసుకున్న ప్రతిసారీ గుండెల మీద అరచేయంత మేర వేడెక్కుతోంది. సూచన గుర్తొచ్చి, వాక్యం వదిలేసి ఆ వేడిని చూశాను. రెండుమూడు నిమిషాల్లో తగ్గిపోయింది. మళ్ళీ వాక్యం రాస్తే మళ్ళీ వచ్చింది. చూస్తే మళ్ళీ తగ్గింది.

మర్నాడు మధ్యాహ్నం ఆచార్యురాలి దగ్గరికి వెళ్ళి ఇదంతా చెప్పబోయాను. ఆవిడ నా కథ వినలేదు. ‘వేడి తెలిసిందా? తగ్గడం తెలిసిందా? సరే, చెయ్యండి’ అన్నారు. కాస్త కోపమొచ్చింది. ఓదారుస్తారనుకున్నా మరి.

ఇక్కడో మాట చెప్పాలి. ఇది అందరికీ సరిపడదు. దరఖాస్తులోనే మానసిక సమస్యల గురించీ, వాడుతున్న మందుల గురించీ అడుగుతారు. దాచకుండా రాయాలి. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ళకి ఇది తగదని వాళ్ళే చెబుతారు. బీపీ, షుగర్‌ మాత్రలు ధ్యానం పేరుతో ఆపడం తెలివితక్కువ. అన్ని గంటలు మనసుతో ఒంటరిగా కూర్చోవడం కొందరికి నిజంగానే భారమవుతుంది. రాత్రిళ్ళు ఎవరో ఏడవడం రెండుసార్లు విన్నాను. అలాంటప్పుడు పట్టుదలకి పోకుండా ఆచార్యులకి చెప్పి, అవసరమైతే వచ్చెయ్యడమే మేలు. మధ్యలో వెళ్ళిన ఆ అమ్మాయిని నేను తక్కువ చెయ్యను.

పక్క మంచం ఆవిడ

నా గదిలో రెండో మంచం మీద అరవై దాటిన ఓ పెద్దావిడ. ముఖంలో నవ్వుండదు. తలుపు గట్టిగా వేస్తుంది. నేను బాత్రూంలో కాస్త ఆలస్యం చేస్తే బయట బకెట్టు చప్పుడు చేస్తుంది. గయ్యాళి అని మొదటిరోజే తీర్మానించేశాను. మూడోరోజు ఆరేసిన నా తువ్వాలు మడతపెట్టి మంచం మీద ఉంది. నాలుగోరోజు నా దిండు పక్కన నొప్పుల మలాం డబ్బా. థాంక్స్‌ చెప్పే వీల్లేదు, తల కూడా ఊపకూడదు. మౌనం తీసేదాకా ఆ థాంక్స్‌ గొంతులోనే ఉంది.

పదోరోజు పొద్దున ‘మైత్రి’ నేర్పాక మౌనం తీసేశారు. హాలు బయటికొచ్చాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారిగా సంతబజారు! సాఫ్ట్‌వేర్‌ అమ్మాయిలు, టీచర్లు, ఓ పోలీసు కానిస్టేబుల్‌, ఆవకాయ గురించి కలలుగన్న ఇంకో ఇద్దరు. గొంతులు బొంగురుపోయి ఉన్నాయి. పెద్దావిడది సూర్యాపేట దగ్గర పల్లె. ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యారట. ఇది మూడో శిబిరం. తలుపు ఎందుకంత గట్టిగా వేస్తారని అడిగాను.

‘ఎడమ చెవి ఇనపడదు బిడ్డా. మెల్లగేసిన్ననే అనుకుంటున్న ఇన్నొద్దులు’ అని నవ్వారు. కొంచెంసేపాగి, ‘నీకో ముచ్చట చెప్పాల్నా? నువ్వు మౌనం తప్పినవ్‌’ అన్నారు.

‘నేనా?’

‘నిద్రల. రెండు మాట్ల. ఇల్లు అమ్మకురా అంటివి. ఎవరిల్లు బిడ్డా?’

చెప్పాను. ఆవిడ మంచి చెవి ఇటు తిప్పి మొత్తం విన్నారు. సలహా ఏమీ ఇవ్వలేదు. ‘తమ్ముడు తాగుతడా?’ అని మాత్రం అడిగారు. లేదన్నాను. ‘అయితే మంచిదే’ అని టీ తాగడానికి లేచారు.

పదకొండో రోజు పొద్దున్నే గది ఊడ్చి, దుప్పట్లు అప్పగించి, ఫోన్‌ తీసుకున్నాను. ఆన్‌ చేస్తే అది ఐదు నిమిషాలు ఆగకుండా వణికింది. వాట్సాప్‌ మెసేజీలు వందల్లో ఉన్నాయి. అవన్నీ పక్కకి నెట్టి, సాగర్‌ రోడ్డు మీద బస్టాప్‌లో నిలబడి తమ్ముడికి చేశాను. మరదలు ఎత్తింది.

‘వదినా! ఆయన స్నానానికెళ్ళారు. పెట్టెయ్యకండి, పెట్టెయ్యకండి’ అంటూ పరిగెత్తిన చప్పుడు. బాత్రూం తలుపు బాదిన చప్పుడు.

‘ఏంటక్కా, ఏమైంది?’ వాడి గొంతులో కంగారు.

‘ఏం కాలేదురా. పది రోజులు ఫోన్‌ లేదు నా దగ్గర.’

‘తెలుసు. మూడుసార్లు చేశా, స్విచ్ఛాఫొచ్చింది.’

‘ఎందుకు చేశావ్‌?’

కాసేపు నీళ్ళు కారుతున్న చప్పుడే వినిపించింది. ‘కొన్నవాళ్ళు ఇల్లు పడగొట్టేస్తున్నారు. నీకేమన్నా కావాలేమోనని. నువ్వు దొరకలా. అమ్మ రోలు తెచ్చేశా. వంటింటి తలుపు కూడా తీయించా, దానిమీద మన పొడుగుల గీతలున్నాయి కదా.’

ఎల్బీనగర్‌ బస్సొచ్చి ఆగింది. కండక్టర్‌ ఎక్కమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను తల అడ్డంగా ఊపాను.

‘ఎక్కడ పెట్టావురా?’

‘మా వరండాలో. మంచుకి తడవకుండా పట్టా కప్పా. రోలే కదల్లేదు, నలుగురు పట్టాల్సొచ్చింది. ఎప్పుడొస్తావ్‌?’